కారు ప్రేమికుడు ఎక్కడ కాపురముండాలి?

మా ప్రాంతములో క్రొత్త వాహనము కొన్నవారు దానిని తిన్నగా మందిరము ఆవరణలోనికి తీసుకొని వస్తారు. పాస్టరుగారు బానెట్ మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేసిన తరువాతనే ఇంటికి తోలుకొనిపోతారు. రావల్కోల్‌లోనే గాక మేడ్చల్, శామీర్‌పేట చుట్టుప్రక్కల ఏ సంఘములోనైనా ఇది మామూలే. మేము ఇక్కడికి సేవకు వచ్చిన తొలి దినములలో అట్లా వచ్చినవి ఎక్కువగా పాల క్యాన్లు తగిలించుకోవడానికి ఇనుప కొక్కెములు వేయించుకొన్న మోపెడ్లు. ఎప్పుడైనా ఒక ఆటో, ఒక ట్రాక్టరు. తరువాత తరువాత కార్లు రావడము మొదలైంది. ద్రాక్షపందిళ్ళున్న చోట ప్లాట్ల రాళ్ళు పాతారు గదా, అమ్మిన ఎకరము ఇంటి ముందు కారై నిలిచింది. మేము ఎవరినీ ఆక్షేపించడము లేదు. ముప్పై ఏండ్లు బస్సు కోసము ఎండలో నిలబడిన కుటుంబము సొంత కారులో ఆసుపత్రికి పోతే సంతోషించవలసినదే.

పైగా మాకు కార్లంటే ఇష్టము. దాచుకోవడమెందుకు? మాకున్నది సెకండ్ హ్యాండ్‌లో కొన్న పాత వాగన్ ఆర్ ఒక్కటే గాని, వెనుక నుండి వచ్చే బండి ఏ కంపెనీదో ఇంజను చప్పుడు విని చెప్పగలము. డిప్లొమా చదివే రోజులలో మా బైబిలు కళాశాల జీపు మీద డ్రైవింగు నేర్చుకొన్నాము. నేర్పిన పెద్దాయన ఒకటే మాట అనేవాడు: గేరు మార్చిన సంగతి వెనుక కూర్చున్నవారికి తెలియకూడదు. అదే సంవత్సరము తరగతిలో యెహూ రాజు కథ చదువుకొన్నాము. కావలివాడు ఎంతో దూరము నుండే రథము తోలే తీరు చూసి వస్తున్నవాడు యెహూ అని గుర్తుపట్టాడు గదా! మనిషిని తోలకము పట్టిస్తుంది. మా రోడ్డు మీద కూడా, దుమ్ము లేచే తీరును బట్టి ఎవరి అబ్బాయి వస్తున్నాడో ఊరంతా చెప్పగలదు.

పోయిన ఎండాకాలము యౌవనస్థుల కూడికలో ఒక తమ్ముడు ప్రశ్న వేశాడు. "అయ్యగారూ, కార్లంటే ప్రాణమిచ్చేవాడు ఈ లోకములో ఎక్కడ కాపురముంటే బాగుంటుంది?" అందరూ ఒక్కసారిగా మాట్లాడారు. ఒకరు దుబాయి అన్నారు, ఒకరు అమెరికా అన్నారు. మా గాన బృందములోని ఒక చెల్లెమ్మ, "మేడ్చల్ ఎగ్జిట్ ప్రక్కన ప్లాటు కొనుక్కొంటే చాలు" అన్నది. అందరము నవ్వుకొన్నాము. ఆ తమ్ముడు సరదాకు అడగలేదని మాకు తరువాత తెలిసింది. జర్మనీలోని స్టుట్‌గార్ట్ పట్టణములో అతనికి ఉద్యోగము వచ్చేటట్లున్నది. ఆ పట్టణము మెర్సిడెస్ వారికి, పోర్షే వారికి పుట్టిల్లు. రెండు కంపెనీల మ్యూజియములూ అక్కడే ఉన్నాయి. తల్లితో ఇంకా చెప్పలేదు. తల్లికి అతడొక్కడే కొడుకు.

గనుక ఆ ప్రశ్నను మేము తేలికగా తీసుకోలేదు. కొన్ని వారములపాటు ఆ సంగతులు చదివాము, అడిగి తెలుసుకొన్నాము.

ముందు మన హైదరాబాదు సంగతి. కార్ల మోజు ఇక్కడ నిన్న మొన్న పుట్టినది కాదు. చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్ళినవారు పసుపుపచ్చ రోల్స్ రాయిస్ కారును చూచే ఉంటారు. ఆరవ నిజాము మహబూబ్ అలీ పాషా కోసము తయారు చేయించినది. వెనుక సీటు సింహాసనములాగా ఎత్తుగా ఉంటుంది. అది తయారై వచ్చేలోపే, 1911లో, ఆయన కన్నుమూశాడు. తరువాత కూడా అది ఊరేగింపులకే గాని ప్రయాణములకు వాడిన బండి కాదు. అంత గొప్ప ఇంజనుకు రోడ్డు యోగము లేకపోయింది! బహదూర్‌పురాలో జంతుప్రదర్శనశాల దగ్గర సుధాకర్ గారి కార్ల మ్యూజియము ఇంకొక రకము. ఆయన బడి పిల్లవానిగా ఉన్నప్పటి నుండి పాత ఇనుముతో బండ్లు చేస్తూ, 2010లో ఆ మ్యూజియము తెరిచారు. వంకాయ ఆకారములో కారు, బూటు ఆకారములో కారు, క్రికెట్ బ్యాటు ఆకారములో కారు, అన్నీ నడిచేవే. మా సండే స్కూలు పిల్లలను తీసుకొని వెళితే సాయంత్రము వరకు బయటికి రాలేదు. ప్రపంచములోకెల్ల పెద్ద మూడు చక్రముల సైకిలు చేసి 2005లో గిన్నిస్ పుస్తకములోకి ఎక్కినదీ ఆయనే.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పందెము జరిగింది. విద్యుత్తుతో నడిచే పందెపు కార్లు మన దేశానికి రావడము అదే మొదలు. ఫ్రాన్సు దేశపు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. మా యౌవనస్థులు నలుగురు వెళ్ళి వచ్చారు. "చప్పుడే లేదయ్యగారూ, మిక్సీ తిరిగినట్టున్నది" అని ఒకడు నిరుత్సాహపడ్డాడు. 2024లో జరగవలసిన పందెము ఆ జనవరిలోనే రద్దయింది.

పందెము మాట ఎట్లున్నా, మా ప్రాంతపు కుర్రకారుకు అసలు ఆకర్షణ అవుటర్ రింగు రోడ్డు. 158 కిలోమీటర్లు, ఎనిమిది వరుసలు. 2018లో మా మేడ్చల్ దగ్గర కండ్లకోయలో మిగిలిన చిన్న ముక్క పూర్తయిన తరువాతనే ఆ వలయము పూర్తిగా కలిసింది. మా ఇళ్ళకు దగ్గరలోనే రెండు ద్వారములున్నాయి, మేడ్చల్ ఒకటి, శామీర్‌పేట ఒకటి. 2023లో వేగ పరిమితిని గంటకు 100 నుండి 120కి పెంచారు. లెక్క వేసి చూడండి, ఆ వేగముతో తోలితే గంటా ఇరవై నిమిషములలో నగరమంతా చుట్టి బయలుదేరిన చోటికే రావచ్చు. మోటారు సైకిళ్ళకు, నడిచేవారికి దాని మీద ప్రవేశము లేదు. ఎద్దుల బండి లేదు, బర్రె లేదు, అడ్డము వచ్చే పిల్లవాడు లేడు. కారు ప్రేమికుడు కలగనే ఖాళీ రోడ్డు!

ఆ ఖాళీ రోడ్డే ఎన్ని ఇండ్లను ఖాళీ చేసిందో మీరు పత్రికలలో చదివారు. 2011 సెప్టెంబరులో క్రికెట్ ఆటగాడు అజారుద్దీన్ గారి కుమారుడు, 19 ఏండ్ల అయాజుద్దీన్, ఆ రోడ్డు మీదనే మోటారు సైకిలు ప్రమాదములో గాయపడి కొన్ని దినములకు మరణించాడు. 2024 ఫిబ్రవరి 23న మాకు దగ్గరి కంటోన్మెంటు శాసనసభ్యురాలు లాస్య నందిత గారు తెల్లవారుజామున పటాన్‌చెరు దగ్గర కారు ప్రమాదములో పోయారు. ఆమెకు 37 ఏండ్లు. తండ్రి సాయన్న గారు పోయి ఏడాది మాత్రమే అయింది. ఆ ఇంటి తల్లిని తలచుకొని ఆ రోజు మా మందిరములో స్త్రీలు ఏడ్చారు. ఏ పార్టీ అని ఎవరూ అడగలేదు.

ఇక జర్మనీ. అక్కడి ఆటోబాన్ అనే పెద్ద రహదారులలో చాలా భాగము మీద వేగానికి హద్దు లేదు. గంటకు 130 మించకపోతే మంచిదని సలహా మాత్రము ఉన్నది. మా కుర్రవాళ్ళు ఇంతవరకే విని చప్పట్లు కొడతారు. మిగతా సగము వినరు. అక్కడ లైసెన్సు రావాలంటే మామూలు పాఠములు గాక ఊరి బయట రోడ్ల మీద ఐదు, ఆటోబాన్ మీద నాలుగు, చీకటిలో మూడు పాఠములు తప్పనిసరి. ప్రథమ చికిత్స కూడా నేర్చుకోవాలి. ఆటోబాన్ మీద కుడి వైపు నుండి దాటిపోకూడదు. పెట్రోలు చూసుకోకుండా వచ్చి బండి ఆగిపోతే అది కూడా శిక్షకు తగిన తప్పే! మన దగ్గర ఎనిమిది అంకె ఆకారములో ఒకసారి తిప్పి చూపితే, ఆ మరునాడే శ్రీశైలము ఘాటు ఎక్కడానికి సిద్ధమవుతాము. (ఆ శ్రీశైలము దారి నల్లమల అడవిలో రాత్రి తొమ్మిది నుండి ఉదయము ఆరు వరకు మూసివేస్తారు. పులులు తిరిగే చోటు గనుక. పులికి దొరికిన ఆ మర్యాద మా ఊరి బడి పిల్లలకు దొరికితే ఎంత బాగుండును!)

అంకెలు చెబితే కొందరికి విసుగు, అయినా ఒకటి చెప్పి విడిచిపెడతాము. 2022లో రోడ్డు ప్రమాదములలో జర్మనీలో 2,788 మంది చనిపోయారు. అదే సంవత్సరము మన దేశములో 1,68,491 మంది. జనాభాలో మనము వారికి పదిహేడింతలు. చావులలో అరవై ఇంతలు. హద్దు లేని వేగము ఉన్నది అక్కడ, చావులు ఇక్కడ.

ఆ దేశములో న్యూర్‌బుర్గ్ అని ఒక చిన్న ఊరున్నది. దాని చుట్టూ అడవిలో 1927లో పందెపు దారి వేశారు. ఉత్తరపు వలయము ఒక్కటే దాదాపు 21 కిలోమీటర్లు, అన్నీ మలుపులే. పందెములు లేని దినములలో రుసుము కట్టి ఎవరి కారు వారు తోలుకోవచ్చు. కొండ మీద పాత కోట, క్రింద ఇండ్లు, చుట్టూ కార్ల హోరు. లోకములోని కారు పిచ్చివారందరూ అక్కడ ఒక గది దొరికితే చాలునంటారట. మా తమ్ముడు ఫోనులో ఆ ఊరి బొమ్మలు చూపించాడు. చూడగా చూడగా మాకు తోచినది ఇది: ఆ ఊరివారు వేగాన్ని ఒక కంచెలో పెట్టారు. కంచె దాటి ఇంటి వీధిలోకి వచ్చిన కారు మేకపిల్లలాగా నడుస్తుంది. ఆ దేశములో ఇండ్ల మధ్య చాలా వీధులలో గంటకు 30 మించకూడదు. చారల గీతల దగ్గర మనిషి దాటబోతూ నిలబడితే కారు ఆగి తీరాలి.

కారును ప్రేమించేవాడికి ఖాళీ రోడ్డు కావాలి. కాపురానికి మాత్రము మనుషులు తిరిగే వీధి కావాలి. వాళ్ళు ఈ రెండింటినీ విడదీసి, దేని కట్టుబాటు దానికి పెట్టుకొన్నారు. మనము కలిపివేశాము. శ్రీనగర్ నుండి కన్యాకుమారి వరకు పోయే 44వ నంబరు జాతీయ రహదారి మేడ్చల్ మీదుగా పోతుంది. లారీలు ఆ దారినే, కూరగాయల బండ్లు ఆ దారినే, బడికి పోయే పిల్లలు ఆ దారినే. అవుటర్ రింగు రోడ్డుకు కంచె ఉన్నది, నిజమే. చిక్కంతా ఎగ్జిట్ దగ్గర. గంటసేపు 120లో వచ్చిన కంటికి 60 అంటే నడకలాగా కనబడుతుంది. టోలు దాటినా కాలు ఇంకా ఎక్స్‌ప్రెస్‌వే మీదనే ఉంటుంది. ఆదివారము తెల్లవారి మేము మొదటి ఆరాధనకు గంట కొట్టే వేళ, నగరము నుండి ఖరీదైన కార్లు వరుసగా టిఫినుకని తూప్రాన్ వైపు పోతూ ఉంటాయి. ఆ ఇంజనుల పాట మాకు వినసొంపుగానే ఉంటుందని చెబితే నమ్మండి. వాటిలో ఒకటి రెండు సరదాకు మా ఊళ్ళ సన్నదారిలోకి తిరిగినప్పుడు మాత్రము గుండె జారుతుంది.

ఇప్పుడు ఆ తమ్ముడి తల్లి సంగతి చెప్పాలి. మేము ఈ ఊరికి రాకముందు, 2005లో, ఆమె భర్త తెల్లవారుజామున సైకిలు మీద పాలు తీసుకొని పోతూ రహదారి దాటుచుండగా ఏదో బండి కొట్టి వెళ్ళిపోయింది. ఆగలేదు. లారీ అన్నారు కొందరు, తెల్ల కారు అన్నారు కొందరు. తేలనే లేదు. పిల్లవానికి అప్పుడు తొమ్మిదేండ్లు. తండ్రిని తీసుకొన్న వస్తువు మీద కొడుకుకు ఇంత మోజేమిటని ఊరిలో చాలామంది అనుకొన్నారు, మేము కూడా లోలోపల ఆశ్చర్యపడ్డాము. ఒకనాడు అతడే చెప్పాడు. ఆ సంవత్సరమంతా బడి విడిచిన తరువాత రహదారి ప్రక్కన కల్వర్టు మీద కూర్చొని వచ్చిపోయే ప్రతి బండి పేరు నేర్చుకొన్నాడట. ఆ బండి మళ్ళీ వస్తే తాను గుర్తుపట్టాలని. నేర్చుకొంటూ నేర్చుకొంటూ ఇష్టపడిపోయాడు. "తప్పా అయ్యగారూ?" అని అడిగాడు. కాదన్నాము.

అతడు మొదటి కారు కొన్నప్పుడు ప్రార్థనకు తల్లి వచ్చింది గాని అందులో కూర్చోలేదు. నడిచే ఇంటికి పోయింది. ఈనాటికీ శామీర్‌పేట సంతకు ఆటోలోనే పోతుంది. కొడుకు సెలవు దినములలో నర్సాపూర్ అడవి దారికి పోయి మలుపులు తిరిగి వచ్చేవరకు గడప మీద కూర్చొని ఉంటుంది.

ఆమెకు జర్మనీ మాట చెప్పడానికి మమ్మును వెంట రమ్మన్నాడు. మేము, మా శ్రీమతి వెళ్ళాము. ఎట్లా మొదలుపెట్టాలో తోచక, మా శ్రీమతి బెర్తా బెంజ్ అనే స్త్రీ కథ చెప్పింది. 1888 ఆగస్టులో ఆమె భర్తకు చెప్పకుండా, ఆయన తయారుచేసిన మోటారు బండిలో ఇద్దరు కొడుకులను ఎక్కించుకొని మాన్‌హైమ్ నుండి ఫోర్జ్‌హైమ్‌కు వెళ్ళింది. నూరు కిలోమీటర్లకు పైమాటే, తెల్లవారి బయలుదేరితే పొద్దుగూకే వేళకు చేరారు. దారిలో ఇంధనము అయిపోతే మందుల దుకాణములో కొన్నది. గొట్టములో ఏదో అడ్డుపడితే టోపీ పిన్నుతో తీసింది. లోకములో కారు మీద జరిగిన మొట్టమొదటి దూర ప్రయాణము అదే. ఇంతకూ ఆమె వెళ్ళినది ఎక్కడికి? పుట్టింటికి, తల్లి దగ్గరికి! ఆ తల్లి ముఖములో మొదటిసారి చిన్న నవ్వు చూశాము. (ఆ కథ చదివినప్పటి నుండి మా శ్రీమతి మా వాగన్ ఆర్ నేర్చుకొంటున్నది. క్లచ్చి వాసన ఊరంతా వస్తున్నది, అది వేరే సంగతి.)

తరువాత కొడుకు విషయము చెప్పాడు. ఆమె చాలాసేపు కొంగు అంచు మడత పెడుతూ కూర్చున్నది. ఎంత జీతమని అడగలేదు, ఎన్నేండ్లని అడగలేదు. మా వైపు తిరిగి, "ఆడ రోడ్డు దాటెటోళ్లు ఉంటరా అయ్యగారూ?" అన్నది.

ఉంటారన్నాము. చారల గీతల సంగతి కొడుకు చెప్పాడు. మనిషి నిలబడితే కారు ఆగుతుందన్నాడు.

"ఎవలున్నా ఆగుతదా? సైకిలోడు ఉన్నా?"

"సైకిలు దిగి తోసుకుంట దాటితే ఆగుతదమ్మా. ఎంత పెద్ద కారైనా ఆగాలె."

ఆమె మళ్ళీ కొంతసేపు మాట్లాడలేదు. "మరి ఈడ నువ్వు ఆపుతున్నవా బిడ్డా?" అని అడిగింది. ఆ మాటలో నిష్ఠూరమేమీ లేదు, తెలుసుకోవాలనే అడిగింది. అతడు వెంటనే జవాబు చెప్పలేదు. బడి దగ్గర ఆపుతానని, మిగతా చోట్ల చూసుకొని పోతానని, నిజమే చెప్పాడు. ఆమె లేచి మాకు టీ పెట్టింది.

వెళ్ళమనీ అనలేదు, వద్దనీ అనలేదు. కాగితములు ఇంకా రావలసి ఉన్నది. ఈలోగా మా ఊరి బడి ముందు దారికి తెల్ల గీతలు, రెండు వైపులా వేగము తగ్గించే గట్లు కావాలని అధికారులకు అర్జీ వ్రాశాము. సంఘము వారే గాక ఊరందరూ, మసీదు పెద్దలు, గుడి పెద్దలు కూడా సంతకములు చేశారు. పటము ఆ తమ్ముడే గీశాడు. ఎక్కడ నిలబడితే మలుపు వెనుక నుండి వచ్చే బండి కనబడుతుందో అడుగులతో కొలిచి గుర్తుపెట్టాడు. కొలిచేటప్పుడు టేపు రెండవ కొస పట్టుకొని నిలబడినది వాళ్ళమ్మ.